పండుగల వెంట ఋతువులు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ పిల్లల్ని ఆదివారాలు పోగేసి చెట్ల వెంటా, చెరువు గట్ల వెంటా తిప్పడం మొదలుపెట్టి కొన్నేళ్ళయింది. పెద్ద ప్లాన్ ఏమీ లేదు. పండుగ ముందు వచ్చే ఆదివారం ఆ పండుగకు కావలసిన ఆకో, పువ్వో, మట్టో తెచ్చుకోవడానికి వెళ్తాం, అంతే. ఆ పిల్లల అమ్మానాన్నలు, అమ్మమ్మలు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాశాను. జవాబులన్నిటిలోనూ ఒకే గొడవ కనిపిస్తుంది మీకు: పండుగ సామాను బజారులో కొనేయకండి, కొంతైనా పిల్లల చేత ఏరించండి.

ఋతువులు ఆరని మనం అంటాం, బడిలో మూడు కాలాలే చెబుతున్నారు. ఏది చెప్పాలి?

రెండూ చెప్పండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఒంటికి తెలిసే లెక్క. ఆరు ఋతువులు చెట్టునూ చేనునూ చూసి తెలుసుకునే లెక్క. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. నాలుగైదేళ్ళ పిల్లలకు మూడు చాలు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక ఆరూ చెప్పవచ్చు. శరత్తుకీ హేమంతానికీ తేడా ఏమిటో నోటితో చెబితే ఎక్కదు. గట్టు మీద గునుగు పూసినప్పుడు ఒకసారి, ముగ్గు మీద మంచు పడినప్పుడు ఒకసారి బయటికి తీసుకెళ్తే చాలు.

వసంతం అని పుస్తకం చెప్పే చైత్రంలో మనకు అప్పటికే ఎండ మాడుతుంటుంది. పిల్లలు తప్పకుండా అడుగుతారు. “అవును, ఎండా ఉంది, కోయిలా కూస్తోంది, వేపా పూసింది” అని ఒప్పేసుకోండి.

సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14, 15 తేదీల్లోనే వస్తుంది. మిగతా పండుగల తేదీలు మాత్రం ప్రతి ఏడాదీ ఎందుకు మారతాయి?

సంక్రాంతి సూర్యుడి లెక్క, ఉగాది, వినాయక చవితి, దీపావళి చంద్రుడి లెక్క. చంద్రుడి నెల సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అలాంటివి పన్నెండు కలిపితే 354 రోజులు. అంటే ఏడాదికి పదకొండు రోజులు తక్కువ పడుతుంది. ఆ లోటు పెరిగి పెరిగి ఒక నెల దాకా వచ్చేసరికి అధిక మాసం వేసి సర్దుతారు. 2023లో అధిక శ్రావణం అలాగే వచ్చింది. రంజాన్ లెక్కలో ఈ సర్దుబాటు ఉండదు. అందుకే రంజాన్ ఒక్కో ఏడాది పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది.

పిల్లలకు ఇది లెక్కగా చెప్పకుండా ఆటగా చెప్పవచ్చు. అమావాస్య తర్వాత రెండో మూడో రోజు సాయంత్రం పడమట నెలవంకను ఎవరు ముందు చూస్తారో పందెం కట్టండి. రంజాన్ నెలవంక రోజున మా వీధిలో అన్ని ఇళ్ళ పిల్లలూ మేడ మీదే ఉంటారు. రెండు వారాల పాటు రోజూ అదే వేళకు చూసి చంద్రుడి బొమ్మ గీయిస్తే తిథి అంటే ఏమిటో వాళ్ళకే అర్థమవుతుంది.

పెద్ద పిల్లలకు ఇంకో సంగతి. నెలల పేర్లు నక్షత్రాల నుంచి వచ్చాయి. కార్తీక పున్నమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు, చైత్ర పున్నమి నాడు చిత్త దగ్గర ఉంటాడు. కృత్తికలనే మన పెద్దలు పిల్లలకోడి అన్నారు. చుట్టూ పిల్లల్ని వేసుకున్న కోడిలా చిన్న చుక్కల గుంపు. పున్నమి వెలుగులో అది సరిగా కనబడదు కాబట్టి నాలుగైదు రోజులు ఆగి చూపించండి.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి?

నడక వచ్చిన రోజు నుంచి. రెండేళ్ళ పిల్లకు వేపపువ్వు దులపడం రాదుగానీ, దులిపిన పువ్వు నెత్తిన పడితే నవ్వడం వచ్చు.

మాది ఏడో అంతస్తు. చెట్టు లేదు, చేను లేదు. మేం ఏం చేయాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆకాశం మీకూ ఉంది కదా. బాల్కనీలోకి ఉదయం ఎండ ఎక్కడ పడుతోందో నేల మీద సుద్దముక్కతో గీత గీయించండి. నెలకోసారి అదే గంటకు మళ్ళీ గీయించండి. డిసెంబరు 21, 22 నాటికి ఆ గీత ఒక కొసకు చేరి, ఆ తర్వాత వెనక్కి తిరుగుతుంది. ఉత్తరాయణం అంటే అదే. “మరి సంక్రాంతి జనవరిలో ఎందుకు?” అని తెలివైన పిల్ల అడుగుతుంది. ఒకప్పుడు ఆ రెండూ ఒక్క రోజే వచ్చేవి. భూమి అక్షం బొంగరం తలలా మెల్లగా తిరుగుతుంది కాబట్టి సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున దూరమయ్యాయి. బొంగరం తిప్పి, అది పడిపోబోయే ముందు తల ఎలా తిప్పుతుందో చూపిస్తే ఈ మాట పదేళ్ళ పిల్లలకు కూడా అందుతుంది.

ఇక చెట్టు సంగతి. ఒకే ఒక్క చెట్టును ఎంచుకోండి. బడి దారిలో ఉన్న వేప అయినా, రావి అయినా, బస్టాండ్ వెనక ఉన్న కానుగ అయినా సరే. దానికి పిల్లల చేత పేరు పెట్టించండి. ఆకు ఎప్పుడు రాల్చింది, చిగురు ఏ రంగులో వచ్చింది, పూత ఎప్పుడు, కాకి గూడు ఎప్పుడు కట్టింది అని ఏడాది పొడుగునా దాని మంచీ చెడ్డా కనుక్కుంటూ ఉండండి. పది చెట్ల పేర్లు బట్టీ పట్టిన పిల్లల కంటే ఒక్క చెట్టును ఏడాది చూసిన పిల్లలకే ఎక్కువ తెలుస్తుందని నా అనుభవం.

మా వాడు ఉగాది పచ్చడి నాలుక మీద కూడా పెట్టనివ్వడు.

చేసి పెడితే తినడు, వాడి చేత చేయించండి. పండుగ ముందు రోజు వేపచెట్టు కింద పాత దుప్పటి పరిచి కొమ్మ దులిపితే పువ్వు రాలుతుంది. దాన్ని అరచేతుల్లో నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోయి రేకులు మిగులుతాయి. ఇది పిల్లలు గంట సేపు విసుగు లేకుండా చేసే పని. ఆ తర్వాత ఒక్కో దినుసు గురించి “ఇది ఇప్పుడే ఎందుకు దొరికింది?” అని అడగండి. చెరుకు గానుగలు ఆడిన తర్వాత వచ్చిన కొత్త బెల్లం, చెట్టు దులిపి ఒలిచిన కొత్త చింతపండు, అప్పుడే పిందె ముదిరిన మామిడి, కొత్తగా పూసిన వేప. ఉప్పూ కారం పక్కన పెడితే ఆ గిన్నెలో ఉన్నదంతా ఆ నెల సరుకే. షడ్రుచులకు జీవితంలోని కష్టసుఖాలను ముడిపెట్టే ఉపన్యాసం మాత్రం పిల్లల దగ్గర వద్దు. వాళ్ళకు చేదు అంటే చేదే.

వేసవిలో బయటికి పంపాలంటే వడదెబ్బ భయం. ఆ రెండు నెలలూ ఇంట్లోనేనా?

పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు దాటాక బయట. మధ్యలో ఇంట్లో. అసలు మన వేసవి ఆటలన్నీ నీడపట్టున కూర్చుని ఆడేవే. కొత్త చింతపండు గింజ తీస్తే ఇంటి నిండా చింతపిక్కలు. వాటితో వామనగుంటలు, ఒక వైపు అరగదీస్తే అష్టాచెమ్మా. ఆ ఆటలు ఆ నెలల్లోనే ఎందుకు ఆడేవారో ఇప్పుడు అర్థమైంది కదా, గింజలు ఉండేది అప్పుడే. బజారులో రంగురంగుల ప్లాస్టిక్ వామనగుంటల పెట్టె కొంటే ఆట వస్తుందిగానీ కాలం రాదు.

ముంజలు తిన్నాక ఆ డొల్ల పారేయకండి. రెండు తాటిబుర్రల మధ్య ఒక పుల్ల గుచ్చి, దాన్ని పంగల కర్రతో నెడితే ముంజకాయల బండి. మా తరం వాళ్ళకు ఇది మొదటి వాహనం. తాటాకు ముక్కలు రెండు అడ్డంగా మడిచి తుమ్మముల్లు గుచ్చితే గాలికి తిరిగే గిలక. ముల్లు గుచ్చే పని పెద్దవాళ్ళు చేయండి.

పక్షులకు నీళ్ళు పెట్టడం కూడా ఈ కాలపు పనే. మట్టి మూకుడులో పెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. లేకపోతే దోమలు పెరుగుతాయి.

కార్తెలు అంటే ఏమిటి? మా తాతయ్య వాటితోనే మాట్లాడతారు.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. మొత్తం 27, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యుడి లెక్క కాబట్టి ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి. మే చివరి వారంలో రోహిణి, జూన్ 7, 8 నాటికి మృగశిర, జూన్ 21, 22 నాటికి ఆరుద్ర. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. మీ తాతయ్య గారిని ఒక క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి, ఒక్కో కార్తెకూ ఆయనకు తెలిసిన సామెతో, విత్తనమో, వానో చెప్పమనండి. పిల్లలు పక్కన రాసుకోవాలి. తర్వాత ఆ తేదీ వచ్చినప్పుడు తాతయ్య చెప్పింది జరిగిందా లేదా అని చూడాలి. మా ఇంట్లో సగం జరిగాయి, సగం జరగలేదు. జరగని వాటి మీదే పిల్లలు తాతగారితో ఎక్కువ మాట్లాడారు.

వానలో ఆడుకోనివ్వవచ్చా? జలుబు చేయదా?

తొలకరి వానలో ఓ పావుగంట తడిసి, వెంటనే తల తుడుచుకుని పొడిబట్టలు కట్టుకుంటే ఏం కాదు. జ్వరం, ఆయాసం ఉన్న పిల్లల విషయం వేరు. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం ఎవరినీ పంపకండి. ఇక్కడే ఒక ఆట ఉంది. కిటికీ దగ్గర నిలబడి మెరుపు కనబడగానే లెక్క మొదలుపెట్టించండి, ఉరుము వినబడగానే ఆపాలి. ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి వచ్చిన అంకెను మూడుతో భాగిస్తే పిడుగు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. లెక్క 30కి చేరకముందే ఉరుము వస్తే అందరూ ఇంట్లోనే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి వెళ్ళవచ్చు. చెట్టు కింద నిలబడకూడదని ఈ ఆటలోనే చెప్పేయండి.

వాన వెలిశాక ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగులు పైకి వస్తాయి. ఏడాదంతా నేలలో దాక్కుని తొలి వానలకే బయటపడతాయి. కాళ్ళు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి, అంటే చీమ కంటే సాలీడుకే దగ్గర చుట్టం. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుంటుంది, కాసేపటికి మళ్ళీ నడుస్తుంది. అగ్గిపెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చే అలవాటు మాకూ ఉండేది, పొద్దున్నకు చచ్చిపోయేవి. మీ పిల్లల చేత చూసిన చోటే వదిలేయించండి. పురుగుమందులు ఎక్కువగా కొట్టే చేలల్లో ఇవి కనబడటం తగ్గిపోయింది. కనబడిన చోటు పిల్లలు గుర్తుపెట్టుకుంటే మరుసటి ఏడాది మళ్ళీ అక్కడికే వెళ్ళవచ్చు.

జ్యేష్ఠ పున్నమి ఏరువాక. ఊరు దగ్గరుంటే ఆ రోజు తీసుకెళ్ళండి. ఎద్దులు తగ్గాయి, కొన్నిచోట్ల ట్రాక్టర్‌కే బొట్టు పెడుతున్నారు. అదీ చూడనివ్వండి.

ఆషాఢంలో గోరింటాకు కోన్‌తో పెట్టించవచ్చా?

ఆకు దొరికితే ఆకే. కోయడం, రుబ్బడం, పెట్టుకుని రాత్రంతా చేతులు కదపకుండా అన్నం తినిపించుకోవడం, ఇదంతా కలిపితేనే పండుగ. చేతికి చందమామ, వేళ్ళకు టోపీలు చాలు. ఆకు తీసిన వెంటనే నారింజ రంగులో ఉండి, మర్నాటికి ముదురుతుంది. గాలి తగిలి రంగు మారుతుందని పిల్లలకు చూపించవచ్చు. నల్లగా పండే కోన్‌లు అసలు వద్దు. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. ఆ నలుపు జుట్టుకు వేసే రంగు రసాయనం వల్ల వస్తుంది, పిల్లల చర్మం బొబ్బలెక్కుతుంది.

వినాయక చవితి పత్రి పిల్లలతో కోయిస్తున్నారు. వాటిలో విషపు మొక్కలు లేవా?

ఉన్నాయి. ఈ జాగ్రత్త చాలామంది చెప్పరు. 21 పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు తింటే ప్రమాదం. ఉమ్మెత్త గింజలైతే మరీ. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఈ మూడూ పెద్దవాళ్ళు కోయాలి, పిల్లలు దూరం నుంచి గుర్తుపట్టాలి. అది కూడా చదువే, ఏ మొక్కను ముట్టుకోకూడదో తెలియడం. మట్టి వినాయకుడికి కళ్ళుగా పెట్టే గురివింద గింజలు కూడా విషమే. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. చంటిపిల్లలున్న ఇంట్లో మిరియం గింజలు పెట్టండి, చూపు బాగానే ఉంటుంది.

మిగతావన్నీ పిల్లల పనే. గరిక, ఉత్తరేణి, తులసి, మారేడు, రేగు, జమ్మి, రావి, మామిడి, దానిమ్మ, వావిలి. మా పద్ధతి ఇది: ముగ్గురేసి పిల్లలకు నాలుగేసి పేర్లు ఇస్తాం. ఆకు తెచ్చాక కళ్ళు మూసుకుని వాసనతోనూ, చేతి స్పర్శతోనూ పేరు చెప్పాలి. ఉత్తరేణి గింజలు గౌనుకు అంటుకుని ఇంటిదాకా వస్తాయి. అవి ఎందుకు అంటుకుంటాయో ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఒక ఏడేళ్ళ పాప కనిపెట్టింది: “మనల్ని ఆటోలాగా వాడుకుంటున్నాయి.” ఒక్కో మొక్క నుంచి రెండు ఆకులు చాలు. బస్తాలకొద్దీ తెంపి బజారులో కుప్పపోసిన పత్రి సాయంత్రానికి చెత్తబండి ఎక్కడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

విగ్రహం చెరువు మట్టితో పిల్లలే చేయాలి. ఏనుగులా రాకపోయినా పర్వాలేదు. మధ్యలో ఒక గింజ పెట్టి, ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేసి, ఆ మట్టిని కుండీలో పోస్తే పది రోజుల్లో వినాయకుడు మొలకెత్తుతాడు. ప్లాస్టర్ బొమ్మను ఒక బకెట్‌లో, మట్టి బొమ్మను ఇంకో బకెట్‌లో వేసి మూడు రోజులు చూడమంటే ఆ తేడా మీద మీరు ఒక్క మాట కూడా మాట్లాడనవసరం లేదు.

బతుకమ్మకు పూలు కొంటున్నాం. పిల్లలకు తంగేడు కూడా తెలియదు.

గునుగు రైతుకు కలుపు మొక్క, తంగేడు బీడు నేలలో ఎవరూ నాటకుండా పెరిగే పొద. ఈ పండుగలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఎవరూ పట్టించుకోని పూలను తొమ్మిది రోజులు నెత్తిన పెట్టుకుంటాం. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది 2014లో.

ఎంగిలిపూల బతుకమ్మకు ముందే ఒక తెల్లవారుజామున ఊరి చివరకు వెళ్ళండి. వానలు తగ్గి చెరువులు నిండి ఉంటాయి. గునుగు, తంగేడు, కట్ల పూలు, గుమ్మడి, బీరపూలు. చేను గలవారిని అడిగి కోయండి, పంట తొక్కకండి. గునుగు కాడలకు రంగులు అద్దడం పిల్లలకు ఇవ్వండి. పేర్చడం అమ్మమ్మకు వదలండి, పక్కన చిన్న తాంబాళంలో పిల్లలు తమ పిల్ల బతుకమ్మను పేర్చుకుంటారు. వాళ్ళది ఒక పక్కకు వాలిపోతుంది. సరిచేయకండి.

మగపిల్లలు పూలు కోసుకొచ్చి, పేర్చే సమయానికి మాయమైపోతారు. ఆపి కూర్చోబెట్టండి. ముగ్గుల విషయంలోనూ అంతే. చుక్కలు లెక్కగా పెట్టి కలపడంలో ఆడా మగా ఏముంది?

దసరాకు పాలపిట్టను చూపించాలి. ఎక్కడ?

చేల పక్క కరెంటు తీగల మీద. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, ఎగిరితే రెక్కల నీలం మెరుస్తుంది. ఆ క్షణం కోసం కదలకుండా ఉండటమే ఆట. పండుగ నాడు పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరం. నాగుల చవితికి పాములు తెచ్చేవాళ్ళ సంగతీ అదే. పాము పాలు తాగదు. పుట్టను కట్టింది చెదలు, పాము అందులో అద్దెకు కూడా కాదు, ఊరికే ఉంటుంది. ఈ మాటలు చెబితే పండుగకు లోటేమీ రాదు. చవితి నాడు పుట్ట దగ్గర నిలబడి ఇంత ఎత్తు మట్టి మేడ చెదలు ఎలా కట్టాయో చూసే వీలు దొరుకుతుంది. చేతులు మాత్రం కన్నాల్లో పెట్టనివ్వకండి.

దీపావళి అంటే టపాసులే అయిపోయింది. ప్రకృతి ఎక్కడుంది?

అమావాస్యలో ఉంది. టపాసులు మొదలవకముందు, ఏడు గంటలకు ఓ పది నిమిషాలు ఇంట్లో లైట్లన్నీ ఆపి, పిల్లల చేత ఒక్కొక్క దీపమే వెలిగించండి. గోగు కాడలకు నూనె గుడ్డ పేలికలు చుట్టి వీధిలో దివిటీలు కొట్టే ఆచారం కోస్తా జిల్లాల్లో ఇంకా ఉంది. గోగు కాడలు అప్పటికి చేతికొస్తాయి కాబట్టే అవి.

టపాసులు వద్దని గట్టిగా అంటే మా ఇంట్లో యుద్ధమే జరిగింది, కాబట్టి సలహా ఇచ్చే హక్కు నాకు లేదు. తగ్గించగలిగాం, మానలేకపోయాం.

కార్తీక వనభోజనాలకు ఇప్పుడు రిసార్ట్‌కు వెళ్తున్నాం. తప్పా?

తప్పేం కాదు, అక్కడ ఉసిరిచెట్టు ఉందా అని ఒక్కసారి అడగండి. కాయ చేతికొచ్చే నెల అది. ఉసిరికాయ తిని వెంటనే మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటుంది. పిల్లలకు ఇంతకంటే గొప్ప మేజిక్ లేదు. భోజనం అయ్యాక మైకులో పాటలు పెట్టకుండా కోతికొమ్మచ్చి ఆడించండి. ఎంత ఎత్తు కొమ్మ వరకు ఎక్కవచ్చో ముందే చెప్పాలి. కింద ఒక పెద్దమనిషి ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి.

సంక్రాంతికి ఎప్పటి నుంచి సిద్ధం కావాలి?

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలైన రోజు నుంచి. నెల రోజుల ముగ్గులే ఆ పండుగ అసలు రుచి. ఇంటి ముందు జానెడు చోటున్నా చాలు. దొరికే ముగ్గుపిండి ఎక్కువగా రాతిపొడి. దానిలో ఓ గుప్పెడు బియ్యప్పిండి కలపండి, చీమలు వరస కడతాయి. పొద్దున వేసిన ముగ్గులో ఏ గీత ముందు మాయమైందో సాయంత్రం చూడమనండి.

భోగి పిడకలు ఈ నెలలోనే చేయాలి. పేడ అనగానే పట్నం పిల్లలు ముక్కు మూసుకుంటారు. మొదటి పిడక తట్టేదాకానే, తర్వాత వాళ్ళను ఆపలేం. మధ్యలో చిల్లు పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చి, భోగి నాడు మంటలో వేయాలి. మంటలో ప్లాస్టిక్, టైర్లు, రంగులు వేసిన చెక్క వేయవద్దు. నేను ఒక ఏడాది చూడకుండా పాత పరుపు వేయనిచ్చాను, ఆ పొగకు పక్కింటి తాతగారు రెండు రోజులు దగ్గారు.

భోగిపళ్ళకు రేగుపళ్ళను చెట్టు కింద ఏరించండి, ముళ్ళుంటాయని చెప్పి మరీ. గొబ్బెమ్మల మీద గుమ్మడి పువ్వు పెడతారు, దొరక్కపోతే బంతి పువ్వు. గాలిపటం వెదురుపుల్ల, కాగితం, మైదా జిగురుతో ఇంట్లో చేయించండి. మొదటి రెండూ ఎగరవు. తోక బరువు, సూత్రం కట్టే చోటు మార్చుకుంటూ పోతే మూడోది ఎగురుతుంది. దారం నూలుదే కావాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. గాజుపొడి పూసిన దారమూ వద్దు. పక్షుల రెక్కలూ, బండి మీద వెళ్ళేవాళ్ళ మెడలూ తెగుతున్నాయి. చీకటిపడే వేళ పక్షులు గూళ్ళకు చేరతాయి, అప్పటికి దింపేయండి.

సంక్రాంతి అయ్యాక ఉగాది దాకా ఏమీ లేదు కదా?

ఎందుకు లేదు! మాఘంలో రథసప్తమి. చిక్కుడుకాయలు, చీపురుపుల్లలు ఇచ్చి రథం చేయమంటే, ఏ బొమ్మల పెట్టెకూ తీసిపోదు. ఫాల్గుణంలో మోదుగ. ఆకులన్నీ రాలిపోయి చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది. రాలిన పూలు ఏరి, నీళ్ళలో మరిగించి రాత్రంతా ఉంచితే కాముని పున్నమికి నారింజ రంగు సిద్ధం. బజారు రంగులా గాఢంగా ఉండదు, ముందే చెప్పండి. లేదంటే పిల్లలు చిన్నబోతారు.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ సంక్రాంతికి మంచు, ఉగాదికి వేప లేదు.

ఉగాది గిన్నెలో ఏముందన్నది పక్కన పెట్టి, ఆ రోజు మీ పెరట్లో ఏం చిగురించిందో చూడండి. అక్కడ కొత్తగా వచ్చిన పుల్లనిదీ, తియ్యనిదీ, తినదగిన చేదుదీ పిల్లలనే వెతకమనండి. సంక్రాంతికి మంచు మీద రంగునీళ్ళతో ముగ్గు వేసిన ఒక తల్లి నాకు ఫోటో పంపింది. మన ముగ్గు కంటే ఎక్కువ రోజులు ఉందట. వీడియో కాల్‌లో అమ్మమ్మ గారి ఊళ్ళో ఎండ, మీ ఊళ్ళో మంచు ఒకేసారి చూపిస్తే భూమి వంపు గురించి మాట్లాడటానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఫోన్ వదలని పిల్లాడిని బయటికి ఎలా తేవాలి?

“ప్రకృతిని చూద్దాం రా” అంటే ఎవరూ రారు, నేనైనా రాను. పని చెప్పండి. “జమ్మి ఆకు కావాలి, నాకు చెట్టు తెలియదు, వెతుకు” అంటే వస్తాడు. ఒకరిద్దరు తోటి పిల్లలుంటే ఇంకా త్వరగా వస్తాడు. చేతికి చాకు, తట్ట, తాడు లాంటి నిజమైన వస్తువు ఏదో ఒకటి ఇవ్వండి, వయసు చూసి.

ఇదంతా రాసి పెట్టించాలా? ప్రాజెక్టులా?

వద్దు. గోడ క్యాలెండర్‌లో తేదీ గడిలోనే రెండు ముక్కలు చాలు. “వేప పూసింది.” “తొలి ముంజ.” “కప్పలు అరిచాయి.” పాత క్యాలెండర్ పారేయకుండా మరుసటి ఏడాది దాని పక్కనే తగిలించండి. ఏది ముందొచ్చింది, ఏది ఆలస్యమైంది అని పిల్లలే పోల్చి చూస్తారు. మార్కులు వేస్తే మాత్రం రెండో వారానికే మానేస్తారు.

ఒక్కటే చేయగలం, టైం లేదు. ఏది చేయమంటారు?

తేగలు. భాద్రపదంలో తాటిపళ్ళు రాలతాయి. పండు తిన్నాక టెంకలు పారేయకుండా, ఇసుక కలిసిన మెత్తటి మట్టిలో పక్కపక్కనే పరిచి, పైన మట్టి కప్పండి. చోటు లేకపోతే లోతైన పాత డ్రమ్ము సరిపోతుంది. అప్పుడప్పుడు తడపాలి. అంతకుమించి పని లేదు. మధ్యలో ఒకటి తవ్వి చూస్తామని పిల్లలు గొడవ చేస్తారు, ఒక్కటి తవ్వనివ్వండి. టెంక పగలగొడితే లోపల తెల్లటి తియ్యటి గుంజు ఉంటుంది. వానలు వెళ్ళి, బతుకమ్మ, దీపావళి గడిచి, చలి ముదిరి సంక్రాంతి దగ్గరపడేసరికి తేగలు ఊరతాయి. తవ్వి, మట్టి కడిగి, ఉడకబెట్టి, పైపొర ఒలిచి, ఈనె తీసి ముక్కలు చేసి పెట్టండి. పాతిన తేదీని క్యాలెండర్‌లో రాసిన పిల్లకే మొదటి ముక్క.